తిరిగి చదివించుకోని మాట

ఏమోయ్ మహారాణీ,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ క్షేమమని తలుస్తాను. ఇలా మొదలుపెట్టడం మర్యాద గనక పెట్టాను గానీ, నువ్వు క్షేమమేనని నాకు తెలుసు. నీ ఉత్తరం మూడు పేజీల్లో రెండున్నర పేజీలు నన్ను తిట్టడానికే సరిపోయాయి. ఒంట్లో బాగాలేనప్పుడు నువ్వు తిట్టవు, మెత్తగా మాట్లాడతావు. నాకు భయం వేసేది అప్పుడే. కాబట్టి తిట్లన్నీ కళ్ళకద్దుకుని చదువుకున్నాను.

ముందు అమ్మాయి సంగతి. కాలి కట్టు విప్పడానికి ఇంకా మూడు వారాలు పడుతుందని డాక్టరు అన్నాడని రాశావు. అప్పటిదాకా దాన్ని మంచం దిగనివ్వకు. స్కూల్లో మెట్లు రెండేసి చొప్పున దూకే టీచరమ్మకి ఎప్పటికైనా జరగాల్సిందే ఇది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాను! చెప్పి ఊరుకున్నానా, తిరిగి చెప్పించుకున్నాను కూడా. "ఒక్కో మెట్టూ దిగుతాను నాన్నా" అని బుద్ధిగా అప్పజెప్పేది, అప్పజెప్పి దూకేది. అల్లుడు వంట అద్భుతంగా చేస్తున్నాడని నాలుగు వాక్యాలు రాశావు. అవి ఎవరి కోసం రాశావో నాకు అర్థమైంది.

నా వంట మాటెత్తకు. మొన్న కూర మాడితే పక్కింటి నర్సమ్మ గోడ మీంచి తొంగిచూసి, "అన్నయ్యగారూ, ఏదైనా అంటుకుందా?" అని కంగారుగా అడిగింది. "వంటండీ" అన్నాను. కాసేపటికి గిన్నె నిండా కూర పంపింది. పరువు పోయినా కడుపు నిండింది. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నీ గులాబీలకి రోజూ నీళ్ళు పోస్తున్నాను, ఒకటి మాత్రం నా మీద అలిగి తల వాల్చేసింది. మెట్ల కింద కుళాయి నేనే బాగుచేశాను, ఇప్పుడది కారడం లేదు, వంటింట్లోది కారుతోంది. "చావింటికొచ్చి గిలకకి నూనె వేసిన పెద్దమనిషి, కుళాయిని వదులుతాడా" అని నువ్వు అమ్మాయితో అని నవ్వుతావు. నవ్వుకో. ఆ గిలక సంగతి మళ్ళీ వస్తుంది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకని అడిగావు. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి, అంతకు ముందు సైన్యంలోనూ ఫోను పట్టుకునే బతికినవాడికి ఫోనంటే ఈ విరక్తి ఏమిటన్నావు. ఫోనులో నేను మాట్లాడేది "ఊ", "ఆఁ", "సరే" మూడే అని నువ్వే కదా నాకు పేరు పెట్టావు. ఈ ఉత్తరంలో చెప్పాల్సింది ఆ మూడు మాటల్లో ఇమడదు. మధ్యాహ్నం భోజనమయ్యాక వాకిట్లో నా మరమ్మతు బల్ల మీద రెండు ఇస్త్రీపెట్టెలూ, ఒక మిక్సీ పక్కకి నెట్టి చోటు చేసుకుని కూర్చున్నాను. మిక్సీ తాలూకు ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

ఇక పోస్టరు. వీధి చివర గోడ మీద నేను టాంకు పక్కన నిలబడి ఉన్నానని నర్సమ్మ నీకు చెప్పిందట. "మీరు టాంకు ఎప్పుడెక్కారు?" అని అడిగావు. ఎక్కలేదు తల్లీ, దగ్గర్నించి చూసింది కూడా తక్కువే. పింఛను కార్డులో ఉన్న నా ఫోటోని కత్తిరించి ఎవరి ఒంటికో అతికించారు. మెడ దాకా నేను, మెడ కింద ఎవరో కండలవాడు. ఆ ఛాతీ చూసి మురిసిపోతావేమో, అది నాది కాదు.

అదంతా ప్లీడరు గారి పని. ఈసారి ఎన్నికల్లో నిలబడుతున్నాడు. పూలగుత్తి పట్టుకుని పదిమందితో వచ్చాడు.

"మీలాంటి వీరుల వల్లేనండీ మేం ఇళ్ళలో హాయిగా ఉంటున్నది" అన్నాడు.

"నేను టెలిఫోన్ ఆపరేటర్నండీ. నది ఒడ్డున గుంతలో కూర్చుని, చెవికి రిసీవరు తగిలించుకుని సందేశాలు చేరవేశాను" అన్నాను.

"అదేనండీ నేననేది, నది ఒడ్డున పోరాడారు!" అని నా చెయ్యి పట్టుకుని ఫోటో తీయించుకున్నాడు.

మూడు రోజులు పోయాక ఆయన మీద పోటీ చేస్తున్న మేష్టారు వచ్చారు. ఆయన పూలు తేలేదు, సానుభూతి తెచ్చారు. "అది యుద్ధమేనా అండీ? పద్దెనిమిది రోజుల నాటకం. గద్దె మీదున్నవాళ్ళ పరువు కోసం మిమ్మల్ని బలిపెట్టారు. ఆ మాట మా సభలో మీ నోటితో చెప్పండి, చాలు" అన్నారు.

ఒకాయనకి నేను వీరుణ్ణి, ఇంకొకాయనకి మోసపోయిన వెర్రివాణ్ణి. అక్కడ నువ్వేం చేశావయ్యా అని కూర్చుని అడిగినవాడు ఇద్దరిలో ఒక్కడూ లేడు. టీ మాత్రం ఇద్దరూ తాగారు.

వాళ్ళ మీద కోపం రాలేదు. మన పద్దెనిమిది రోజుల్ని ఏమనాలో ముప్పై ఎనిమిదేళ్ళుగా ప్రభుత్వానికే తెలీలేదు, వాళ్ళకేం తెలుస్తుంది. యుద్ధం అంటే పక్క దేశాలు ఊరుకోవని "సరిహద్దు చర్య" అన్నారు. పింఛను ఫారంలో పాల్గొన్న యుద్ధం అనే చోట పెద్ద యుద్ధాలు రెండూ అచ్చువేసి ఉంటాయి, వాటి కింద "ఇతరములు" అని ఒక గడి. నీ పక్కన కూర్చునే కదా ఆ ఇతరముల్లో టిక్కు పెట్టాను. "ఇతరముల్లో పోయాడా మా అన్నయ్య" అని నువ్వు లేచి వెళ్ళిపోయావు, ఆ రోజు అన్నం తినలేదు.

యుద్ధానికి హద్దులు పెట్టారు ఆ రోజుల్లో. నది దాటకూడదు. వంతెన కూలకూడదు, రేపు రాజీ కుదిరాక వ్యాపారానికి రెండు వైపులవాళ్ళకీ కావాలి. విమానాలు వద్దు. పిల్లలతో "కొట్టుకుంటే కొట్టుకోండి గానీ గిన్నెలు పగలకూడదు" అన్నట్టుండేది. ఆ హద్దులన్నీ రాజధానిలో గీసినవి, నా చెవిలోంచే ముందు గుంతలకి వెళ్ళేవి. గంటకో హద్దు మారేది. ఎదుటి ఒడ్డునుంచి వచ్చే తూటాకి మాత్రం ఎవరూ హద్దు చెప్పలేదు.

పేరు లేని యుద్ధం గనక పోయినవాళ్ళ పేర్లకీ చోటు లేకపోయింది. కూడలిలో స్తంభం మీద పెద్ద యుద్ధాల్లో పోయినవాళ్ళున్నారు, మనవాళ్ళు లేరు. ఇప్పుడు ఎన్నికలొచ్చేసరికి, ఎందులోనూ కలవని రెండు పార్టీలూ ఇందులో కలిశాయి. పక్కనే ఇంకో రాయి నిలబెడతారట. వచ్చే నెల మొదటి ఆదివారం దాని మీద గుడ్డ నేను లాగాలట.

నీ ఉత్తరంలో ఆఖరి ప్రశ్న అదే. "రాయి మీద అన్నయ్య పేరు ఉంటుంది కదా?" కిందటి ఉత్తరంలోనూ అడిగావు. నేను గులాబీల మీద పేజీ నింపి తప్పించుకున్నాను. ఈసారి తప్పించుకోను. లేదు. జాబితాలో ఆరు పేర్లే ఉన్నాయి.

కూర్చుని చదువు. అమ్మాయి పిలిచినా కాసేపు ఆగమను.

జాబితా తయారుచేసింది మా మాజీ సైనికుల సంఘం కార్యదర్శి. నీకు తెలుసుగా, స్టోరు తాత. సైన్యంలో సామాన్ల స్టోరు చూసేవాడు, ఇప్పటికీ గుండుసూది ఇచ్చినా సంతకం పెట్టించుకుంటాడు. ఏడో పేరు ఏదని అడగడానికి ఆయన ఆఫీసుకి వెళ్ళాను. ఒక బీరువా, రెండు కుర్చీలు, కాలెండరు ఉన్న ఆ గదిలో ఆయన ఫైలు తీసి నా ముందు పెట్టాడు.

"నేను తీసెయ్యలేదయ్యా. పైనుంచే రాలేదు. మీ బావమరిది ఆదేశం పాటించకుండా లేచి నిలబడి చనిపోయాడని రికార్డు. అలాంటివాళ్ళ పేర్లు రాయి మీద వెయ్యరు. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని చెప్పలేదు" అన్నాడు.

ఫైల్లో ఒక చిన్న చీటీ నకలు ఉంది. దాని మీద మూడు గడులు. మూడో గడిలో పొట్టి సంతకం. ఆ సంతకం నాది. ఇరవై మూడేళ్ళ నా చెయ్యి, ఎంత గర్వంగా తోక తిప్పిందో చూశాను. స్టోరు తాత మంచినీళ్ళు ఇచ్చాడు. తాగి గ్లాసు తిరిగిచ్చాను.

ఆ చీటీ సంగతి చెప్పేముందు మీ అన్నయ్య సంగతి కాస్త చెప్పనీ. నీకు తెలిసిందే, అయినా నాకు చెప్పాలని ఉంది.

మా దళంలో వాణ్ణి పేరుపెట్టి పిలిచినవాడు లేడు. పొడుగాయన. అందరికీ ఛాతీ దాకా వచ్చే గుంత వాడికి నడుం దాకానే వచ్చేది. వాడి కోసం ఇంకో రెండడుగులు తవ్వుతూ మావాళ్ళు తిట్టిన తిట్లు, నీ తిట్లకి తీసిపోవు. వాడు ముందు గుంతలో ఫోను దగ్గర ఉండేవాడు, నేను అర మైలు వెనక గుంతలో. అరగంటకోసారి లైను బతికుందో లేదో చూడాలి, అందుకు ఏదో ఒకటి మాట్లాడాలి. వాడు నీ ఉత్తరాలు చదివేవాడు. "నూతి గిలక కిచకిచమని ప్రాణం తీస్తోంది, నువ్వొచ్చి నూనె వేసేదాకా నేను వెయ్యను, నువ్వు రావాల్సిందే" అని నువ్వు రాసిన ఉత్తరం నాకు ఈనాటికీ కంఠతా వచ్చు. "ఒరేయ్ బావా, ఇంత పెంకిదాన్ని చేసుకునే మొనగాడు ఎక్కడ దొరుకుతాడ్రా" అనేవాడు. వరస కలపడం వాడిదే. నిన్ను చూడకముందే నేను నీ పెంకితనానికి అలవాటుపడ్డాను. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

ఫోనులో సందేశం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. చెప్పేవాడు చీటీ చూసి ఉన్నదున్నట్టు చదవాలి. వినేవాడు మొత్తం తిరిగి చదివి వినిపించాలి. అప్పుడే మూడో గడిలో చెప్పినవాడు సంతకం పెట్టాలి. ఆ సంతకానికి అర్థం, అవతలివాడు మొత్తం విన్నాడని నేను విన్నాను అని. కొత్తవాళ్ళతో నేను నిక్కచ్చిగా ఉండేవాణ్ణి. మీ అన్నయ్యతో ఉండేవాణ్ణి కాదు. ఒకరి గొంతు ఒకరికి తెలుసు, ఒకరు సగం చెబితే రెండోవాడు మిగతా సగం అందుకునేవాడు. "తిరిగి చదవాలేంట్రా మళ్ళీ" అనేవాడు, నేను నవ్వి సంతకం పెట్టేసేవాణ్ణి. పద్దెనిమిది రోజుల్లో సగం చీటీలు అలాగే పెట్టాను. స్నేహం అనుకున్నాం.

పద్దెనిమిదో రోజు పొద్దున తొమ్మిదింటికి సందేశం వచ్చింది. రెండే వాక్యాలు. "కాల్పులు మధ్యాహ్నం పన్నెండు గంటలకు నిలిచిపోవును. అంతవరకు ఎవరూ తమ స్థానము నుండి లేవరాదు."

నేను చదవలేదు. చీటీ చేతిలోనే ఉంది, చదవలేదు. లైను కలవగానే, "ఒరేయ్ బావా, కాల్పులు ఆగిపోతున్నాయిరా!" అని అరిచాను.

వాడు గట్టిగా కేక వేశాడు. ఒక మాట అన్నాడు, ఆ మాట తర్వాత చెబుతాను. రిసీవరు దేనిమీదో పడిన చప్పుడైంది. అవతల కేకలు, నవ్వులు, ఎవడో ఈల వెయ్యడం వినబడింది. అప్పుడు చదివాను నేను, పన్నెండింటికని, అప్పటిదాకా లేవకూడదని. రెండో వాక్యం మొత్తం చదివాను. ఖాళీ రిసీవరుకి చదివాను.

మళ్ళీ గంట కొట్టి పిలవాల్సింది. పిలవలేదు. నేనూ నవ్వుతున్నాను. ఇంకో రెండు గుంతలకి చెప్పాలి, తొందర. మూడో గడిలో సంతకం పెట్టేసి పక్క లైను అందుకున్నాను.

తొమ్మిది నలభైకి వాడి లైను మోగింది. మాట్లాడింది వాడు కాదు.

విచారణకి వచ్చిన ఆఫీసరు మంచివాడే. నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, చీటీ చూపించి, "తిరిగి చదివించుకున్నావా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. నేను "చదివించుకున్నానండి" అన్నాను. మూడు క్షణాలు పట్టి ఉంటుంది. నన్ను జైల్లో పెడతారనే భయం ఒకటి, నేను చెప్పకపోతే అది జరిగినట్టు కాదనే పిచ్చి ఆశ ఒకటి. నేను ఆ మాట అన్నాక మిగిలింది ఒక్కటే: వాడు విన్నాడు, తిరిగి చదివాడు, అయినా లేచాడు. ఆదేశం పాటించలేదు. మీ అమ్మకి వచ్చిన కాగితంలో ఉన్నది ఆ ముక్కే.

ఆ కాగితాన్ని అత్తయ్య బట్టల అడుగున దాచుకుంది. నాకు వడ్డిస్తూ ఎన్నిసార్లు అన్నదో. "చిన్నప్పట్నుంచీ అంతే బాబూ, చెప్పిన మాట వినేవాడు కాదు. వింటే బతికేవాడు." అలా అంటూనే నా కంచంలో ఇంకాస్త వేసేది. నేను తల వంచుకుని తినేవాణ్ణి. వాడు ఆ రోజు చెప్పిన మాట విన్నాడు. నేను చెప్పినంతా విన్నాడు. నేనే సగం చెప్పాను. అత్తయ్య పోయేదాకా ఆ మాట నా నోటి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఆవిడకి చెప్పకుండా పంపించేశాను, దానికి ఇక మందు లేదు.

సబ్బులు తెమ్మన్నా తిరిగి చెప్పించుకుంటానని నువ్వూ అమ్మాయీ నన్ను ఏడిపిస్తారు కదా. పెళ్ళికి ఒప్పుకున్నప్పుడు కూడా "ఏదీ, మళ్ళీ చెప్పు" అన్నానని చుట్టాలందరికీ చెప్పి నవ్వించావు. అది ఆపరేటరు చాదస్తం కాదు. ఆ రోజు నుంచి పట్టుకుంది.

జాలిపడి నిన్ను చేసుకున్నాడా, పాపం కడుక్కోవడానికి చేసుకున్నాడా అని ఇప్పుడు నీకు తప్పకుండా అనిపిస్తుంది. వాడి సామాను పెట్టె మీ ఇంట్లో ఇచ్చి వెళ్ళిపోదామనే వచ్చాను. నువ్వు గుమ్మంలో నిలబడి, ఏడ్చి వాచిన మొహంతోనే, "ఆ పెట్టె అలా ఈడ్చకండి, మా అన్నయ్యది" అని కసిరావు. ఉత్తరాల్లో విన్న గొంతు అదే. అప్పుడే నా పని అయిపోయింది. నిన్ను ప్రేమించి చేసుకున్నాను. ప్రేమించాను గనకే నిజం చెబితే దక్కవని దాచాను. రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని తుడవను.

ఇక ఏం చేశానో చెబుతాను. చీటీ చూసిన మర్నాడు రెండు పేజీల వాంగ్మూలం రాశాను. నీకు రాసినదంతా ఉంది అందులో, ప్రేమ సంగతి తప్ప. నిన్ను అడిగి ఇద్దామనుకున్నాను మొదట. అడిగితే బరువు నీ భుజాన వేసినట్టవుతుందని ముందే ఇచ్చేశాను. స్టోరు తాత కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళు ఇది కడుపులో పెట్టుకుని అన్నం ఎలా తిన్నావయ్యా?" అన్నాడు.

"వాడి తల్లి వడ్డించిందండీ, తిన్నాను" అన్నాను.

తర్వాత తన అలవాటు ప్రకారం పుస్తకం తీసి, వాంగ్మూలం ముట్టినట్టు రాసి, సంతకం పెట్టి నాకు రసీదు ఇచ్చాడు. రికార్డు ఆఫీసులో తనకి తెలిసిన పెద్దాయన ఉన్నాడట, తనే స్వయంగా కాగితాలు పట్టుకెళతానన్నాడు. అయితే నా కాగితం ఒక్కటే చాలదు. పోయినవాడి రక్తసంబంధీకులు పేరు చేర్చమని సంతకం పెడితేనే ఫైలు తెరుస్తారట. వాడికి మిగిలింది నువ్వొక్కదానివే.

ఈ మాట ప్లీడరు గారికి ఎలా చేరిందో చేరింది. మీ ఆరోగ్యం దృష్ట్యా గుడ్డ లాగే పని వేరేవారికి అప్పగించాం అని మనిషిని పంపాడు. నా ఆరోగ్యం మీద ఆయనకి అంత శ్రద్ధ ఉందని తెలీదు. గోడ మీద నా పోస్టరు పైన ఇప్పుడు సబ్బు ప్రకటన అంటించారు, కండలు మాత్రం కొంచెం కనిపిస్తున్నాయి. ఆ సాయంత్రమే మేష్టారు పరిగెత్తుకొచ్చారు. "నేను చెప్పలేదుటండీ, అంతా అబద్ధాల పుట్ట! ఇది మా సభలో చదవండి" అన్నారు. "అబద్ధం సైన్యానిది కాదండీ, నాది. నా బావమరిది మీ ఇద్దరి సభలకీ రాడు" అని చెప్పి గేటు దాకా సాగనంపాను. ఈసారి టీ ఇవ్వలేదు.

ఆయన్ని పంపేసి, ఆ కొత్త రాయి చెక్కే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. రైలు గేటు అవతల రేకుల షెడ్డు, నేలంతా తెల్లటి పొడి, రాయి మీద చుక్కచుక్కగా నీళ్ళు పడుతున్నాయి. నల్లరాయి పడుకోబెట్టి ఉంది, దాని మీద సుద్దతో ఆరు గీతలు గీసింది.

"ఏడోది వస్తే చెక్కడానికి వీలవుతుందా అమ్మా?" అని అడిగాను.

"ముందే చెబితే వరస మార్చి గీస్తాను బాబాయ్. ఆరూ చెక్కేశాక ఏడోది ఇరికిస్తే, తర్వాత అతికించినట్టు కనబడుతుంది. ఎవరిది?"

"మా బావమరిది."

ఆవిడ వెంటనే తడిగుడ్డతో ఆరు గీతలూ తుడిచేసి, కొలబద్ద పెట్టి ఏడు గీసింది. వచ్చే శుక్రవారం దాకా ఉలి పట్టనంది. నాలుగో గీత సరిగ్గా మధ్యలో వచ్చింది. వాడు అందరికంటే పొడుగు కదా, మధ్యలో ఉంటే బాగుంటుందనిపించింది.

ఈ కవర్లోనే ఫారం పెట్టాను. నీ సంతకం చెయ్యాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాను. ఒక్క మాట. ఆ సంతకం మీ అన్నయ్యకి. నాకు కాదు. రెండూ కలపకు. నా మొహం చూడనని అనుకున్నా సరే, ఫారం మాత్రం గురువారానికి స్టోరు తాతకి అందేలా పంపు. అమ్మాయికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. చెబితే మాత్రం మొత్తం చెప్పు, సగం చెప్పకు.

ఇప్పుడు ఆ మాట. ముప్పై ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నావు, అన్నయ్య చివరగా ఏమన్నాడని. లైను తెగిపోయింది, ఆ రోజు మాట్లాడలేదు అని చెబుతూ వచ్చాను. లైను తెగలేదు. అది నా చేత్తో వేసిన లైను, చివరిదాకా తెగలేదు. కాల్పులు ఆగుతున్నాయనగానే వాడు నవ్వుతూ అన్నది ఇదీ: "ఒరేయ్ బావా, వచ్చేస్తున్నాను, గిలకకి నూనె నేనే వేస్తానని మా పెంకిదానికి రాసెయ్!"

రాయమని నాకు చెప్పాడు. నేను రాయలేదు. మీ ఇంటికొచ్చి పెట్టె దించి, మంచినీళ్ళయినా తాగకుండా నూనె అడిగింది అందుకే. అత్తయ్య తిట్టింది, నువ్వు వింతగా చూశావు. వాడి పని చేశాను గానీ వాడి మాట చేరవెయ్యలేదు. ఇప్పుడు చేరవేశాను.

నువ్వు జవాబు రాసేటప్పుడు తొందరపడి "పోన్లెండి" అని రాయకు. నీకు మంచితనం ఎక్కువ, అది నాకు తెలుసు. కోపం వస్తే కోపమే రాయి, రెండున్నర పేజీలు కాదు, ఇరవై పేజీలు రాయి. నేను చెప్పింది నీకెలా వినబడిందో, నీ మాటల్లో మొత్తం తిరిగి రాయి. అది చేతికి వచ్చి చదువుకునేదాకా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను. దీని కింద కూడా పెట్టడం లేదు.

గులాబీ ఒకటి వాలిపోయిందన్నాను కదా, పొద్దున చూస్తే చిగురు వేసింది. చెప్పడం మరిచిపోయాను.

ఇట్లు,
మీ అన్నయ్యకి బావని,
మన అమ్మాయికి నాన్నని,
నీకు ఏమవుతానో నువ్వే రాసి పంపాలి.